పిస్తోలు మీద బొట్టు

ధవళేశ్వరం లాకుల దగ్గర పడవ దిగి "తుపాకుల లాజరు ఇల్లెక్కడండీ?" అని అడిగితే, ఆ రోజుల్లో దారి చెప్పని మనిషి లేడు. కొందరు దారి చెప్పి ఊరుకునేవారు కాదు. ఇంటిదాకా వచ్చి, పని అయ్యేదాకా చూరు కింద కూర్చుని, అయ్యాక తామే బాగుచేసినట్టు మీసం దువ్వుకుంటూ పోయేవారు. లాజరు ఒక్కణ్ణీ పొమ్మనేవాడు కాదు. చేతిలో ఆకురాయి ఆడుతుంటే పక్కన ఎవరు కూర్చున్నారో అతనికి తెలిసేది కాదు.

అతని తండ్రి గోదావరి ఆనకట్టకి రాళ్లు మోసిన కూలీ. కొడుకుని కార్ఖానాలో ఒక ఫిట్టరు దొర దగ్గర పెట్టాడు. ఆ దొర ఏడాదిపాటు ఒక ఇనుప దిమ్మెను ఆకురాయితో నలుపలకలుగా రాయడం తప్ప మరో పని చెప్పలేదట. రాసింది చూసి "మళ్లీ" అనేవాడట. తోటివాళ్లు విసుగెత్తి పారిపోయారు. లాజరు మాత్రం "మళ్లీ" అన్న మాటకి అలవాటు పడిపోయాడు. జీవితమంతా తన పనికి తనే ఆ మాట చెప్పుకున్నాడు. లాకుల గొలుసులతో మొదలుపెట్టి, తాళాలూ గడియారాలూ దాటి, చివరికి తుపాకుల దగ్గర స్థిరపడ్డాడు. కార్ఖానాలో ఉన్నప్పుడే బాప్తీస్మం తీసుకున్నాడు. యాభై దాటేసరికి లూథరన్ గుడిలో పెద్ద. ఆదివారం కానుక పళ్లెం పట్టేది అతనే.

పనిలో అతనికో పద్ధతుండేది. ఏ తుపాకి విప్పినా, దాని కడుపులోంచి వచ్చిన చెత్తంతా, అంటే తుప్పూ, మసీ, విరిగిన మేకులూ, ఎండిపోయిన సాలీడూ, అన్నీ ఒక కొబ్బరిచిప్పలో వేసేవాడు. చిప్ప మీద సుద్దతో యజమాని పేరు రాసి, తుపాకితోపాటు ముందు పెట్టి "ఇదిగోనండి మీ సొమ్ము" అనేవాడు. ఎవరో ఒక కరణం తన తుపాకిలో మేకు మాయమైందని చిన్నప్పుడు అతని మీద నింద వేశాడట. అప్పట్నుంచీ ఈ చిప్పల కాపురం. చూపించాక కూడా పారేసేవాడు కాదు. మూడు నెలలు అటక మీద ఉండాల్సిందే.

"అందరిళ్లలో చిప్పల్లో ఉప్పూ చింతపండూ ఉంటాయి. మా ఇంట్లో రాజుల మసి, దొరల తుప్పూ ఉంటాయి" అని భార్య సంపూర్ణమ్మ దెప్పేది. దెప్పుతూనే, దుమ్ము పడకుండా ఒక్కో చిప్పకీ ఒక్కో ఆకు మూత పెట్టేది.

ఇక గోగులంక పిస్తోలు సంగతి. గోగులంక బంగార్రాజు గారిది చిన్న జమీ. రాజమండ్రి వదిలి సీమకి, అంటే దొరల దేశానికి, పోతున్న ఒక సైనికాధికారి దగ్గర ఆయన ఆ పిస్తోలు తీసుకున్నారు. ఆయన చేతికొచ్చేటప్పటికే అది పాతది. మూతి లోంచి మందు దట్టించి, గుండు కూరి, వెనక నిప్పు రాజేసే చిన్న రాగి కేపు తొడిగి కాల్చాలి. ఒకటే గుండు. వేటకి పనికిరాదు, యుద్ధానికీ పనికిరాదు. గురి చూసి చిన్న గుర్తును కొట్టడానికే పుట్టిన వస్తువది. బంగార్రాజు గారు దాంతో పాతిక గజాల దూరంలో తాటిమొద్దు మీద అంటించిన కాగితానికి, నడిమధ్యన అరిసెంత నల్లసున్నాలో, వరసగా పది గుళ్లు దింపేవారు. చూసినవాళ్లు ఉన్నారు. చూడనివాళ్లు పదిహేనని చెప్పేవాళ్లు.

ఏడాదికోసారి పిస్తోలు పడవెక్కి ధవళేశ్వరం వచ్చేది. మొదటిసారి ఇస్తూనే బంగార్రాజు గారు ఒక మాట అన్నారు.

"లాజరూ, అంతా తుడువు. మూతి దగ్గర గురి చూసే బొడిపె ఉంది చూడు, దాని మీది బొట్టు మాత్రం ముట్టుకోకు. అది పోతే గురి పోద్ది."

బొడిపె మీద నిజంగానే ఎర్రగా, గట్టిగా, కందిబద్దంత బొట్టు ఉంది. దసరా ఆయుధపూజలో పెట్టిందని చూడగానే తెలుస్తోంది. లాజరు "చిత్తమండి" అన్నాడు గానీ లోపల నవ్వుకున్నాడు. గురి కంటిలో ఉంటుంది, చేతిలో ఉంటుంది, గొట్టంలో ఉంటుంది. కుంకంలో ఉంటుందా? పెద్దింటి నమ్మకం, మనకెందుకు అనుకున్నాడు. అయినా మాటంటే మాటే. పద్దెనిమిదేళ్లు ఆ బొట్టు చుట్టూ, పూరేకు చుట్టూ తిరిగినట్టు, గుడ్డ తిప్పి తుడిచాడు.

బంగార్రాజు గారు పోయారు. పిస్తోలు పెట్టెలోకి వెళ్లింది. ఆరేళ్లకి, అంటే పద్దెనిమిది వందల తొంభై నాలుగో సంవత్సరం భాద్రపదంలో, ఆయన కొడుకు దాన్ని బయటికి తీశాడు.

కొడుకు పేరు వీరవెంకటసత్యనారాయణ రాజు. అంత పేరు పిలిచేలోగా చెట్టుమీద పిట్ట ఎగిరిపోతుందని ఇంటిల్లిపాదీ బుజ్జిబాబు అన్నారు. పాతికేళ్లవాడు, చెయ్యి మంచిది, కోపం ముక్కు మీద ఉంటుంది. కాకినాడలో ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో దొరలు పెట్టుకునే గురిపందేనికి ఆ ఏడు అతన్నీ పిలిచారు. పిలుపు రాగానే గోగులంకలో అతని నడక మారిపోయింది. నాన్నగారి పిస్తోలు తీసుకుని తనే స్వయంగా లాజరు ఇంటికొచ్చాడు.

ఆరేళ్లు పెట్టెలో పడి ఉన్న పిస్తోలు గొట్టమంతా పాత మందు పట్టి గట్టిపడింది. దానికి ఒకటే వైద్యం, మరిగే నీళ్లు. లాజరు గొట్టం విడదీసి కాగుతున్న నీళ్లు పోశాడు. రెండోసారి పోసేసరికి గొట్టం వేడెక్కి, మూతి దగ్గరి బొట్టు మెత్తబడి పక్కకి ఒరిగింది. లాజరు ఒక్క క్షణం ఆగాడు. మాట తీసుకున్న మనిషి ఇప్పుడు లేడు. బొట్టు కింద తుప్పు చేరి ఉంటుంది. 'ఇన్నాళ్లకి శుభ్రంగా తుడిచే రోజొచ్చింది' అనుకుని బొటనవేలి గోటితో ఒక్కటి మీటాడు. టోపీ ఊడినట్టు ముక్కలవకుండా ఊడొచ్చింది. చిప్పలో వేశాడు. చిప్ప మీద 'గోగులంక' అని రాశాడు.

బుజ్జిబాబుకి చిప్ప చూపించి "ఇదిగోనండి మీ సొమ్ము" అన్నాడు. మెరుస్తున్న పిస్తోలు చేతిలో ఉండగా చిప్పలోకి ఎవరు చూస్తారు? "మసి నువ్వే ఉంచుకోవయ్యా" అని నవ్వి అతను పడవెక్కాడు.

నాలుగో రోజున గోగులంక నుంచి మనిషి వచ్చాడు, ఉన్నపళంగా రమ్మని. లాజరు వెళ్లేసరికి తోటలో తాటిమొద్దు ముందు బుజ్జిబాబు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కాగితం మీద నల్లసున్నా చెక్కుచెదరలేదు. దానికి సరిగ్గా బెత్తెడు పైన, గుళ్లన్నీ గుంపుగా దిగి ఉన్నాయి.

"ఏంటి లాజరూ ఇది? నా చెయ్యా?"

"చూద్దామండి బాబుగారూ."

లాజరు ఇసకమూట మీద పిస్తోలు ఆనించి తను కాల్చాడు. బెత్తెడు పైకి. మందు తగ్గించాడు, గుండు మార్చాడు. అంతే, బెత్తెడు పైకి. గుళ్లు చెదరడం లేదు. అన్నీ ఒక్కచోటికే పోతున్నాయి. కానీ ఆ చోటు తప్పు.

బొడిపె పొట్టిదైతే గుండు పైకి పోతుందని లాజరుకి తెలియదా? అతను పుట్టించిన బొడిపెలు ఎన్నో! కానీ అతని లెక్క ఇలా సాగింది. ఈ పిస్తోలు ఇన్నేళ్లు సున్నాలో కొట్టింది. బొడిపెను నేను ఆకురాయితో ముట్టుకోలేదు, అది అప్పటిదే. మందు అదే, గుండు అదే. మారనివన్నీ తీసేస్తే మిగిలింది గొట్టం. అంటే గొట్టం లోపల ఎక్కడో సడలింది. ఇవాళ బెత్తెడు పైకి కొట్టింది రేపు మూరెడు పైకి కొడుతుంది, ఎల్లుండి చేతిలోనే పేలుతుంది. పిఠాపురం వైపు ఒక షికారీకి అలా పేలి రెండు వేళ్లు పోవడం అతను కళ్లారా చూశాడు. బొడిపె ఎత్తు చేసి ఇవ్వడం గంట పని. కానీ చెడిన గొట్టానికి బొడిపె ఎత్తడమంటే, కూలే గోడకి సున్నం కొట్టడమే.

లెక్కలో తప్పు లేదు. మొదటి మెట్టులో ఉంది. నలభై ఏళ్లుగా తిరుగులేని చెయ్యి అనిపించుకున్నవాడికి, చూపు అన్నిటి మీదకీ పోతుంది గానీ ఆ చెయ్యి మీదకి మాత్రం పోదు.

"బాబుగారూ, ఇది ఇంక పేల్చకండి. దీని ఆయుస్సు అయిపోయిందండి. కొత్తది తెప్పించుకోండి" అన్నాడు.

చెప్పడం అతనికీ కష్టమైంది. ఇంట్లో మాత్రం ఎవరూ మారు మాట్లాడలేదు. లాజరు చెప్పాడంటే చెప్పాడే. రాజుల ఘోషా కాబట్టి బంగార్రాజు గారి భార్య రామలక్ష్మి గారు ఎప్పుడూ బయటికి రారు. తోటవైపు తలుపు తెర వెనక నుంచి ఆవిడ గొంతు మాత్రం వినబడింది.

"పోనీలే లాజరూ. మనిషే పోయారు, వస్తువెంత."

కాకినాడలో తుపాకులమ్మే షాహుకారు కొత్త పిస్తోలు పంపించాడు. వాడి చూడండి, నచ్చితే ఉంచుకోండి, లేకపోతే విజయదశమి వెళ్లాక తిప్పి పంపండి అన్నాడు. వెనక నుంచి తూటా పెట్టే సరికొత్త రకం. మందు కొలవక్కర్లేదు, వానకి జంకక్కర్లేదు. లాజరు దాన్ని విప్పి చూశాడు. మీట నొక్కి చూశాడు, గొట్టంలోంచి ఆకాశం చూశాడు. అసూయ అతని ఒంట్లో లేదు. "సీమలో ఎవడో మహానుభావుడండి, నా గురువుకి గురువై ఉంటాడు" అన్నాడు. ఆ రోజు బుజ్జిబాబు ఎనిమిది తూటాలు కాలిస్తే ఏడు సున్నాలోనే పడ్డాయి.

బుజ్జిబాబు గారి లైసెన్సు కాగితంలో ఒక్క పిస్తోలే రాసి ఉంది. కొత్తది రాయించుకోవాలంటే పాతది కలెక్టరాఫీసులో అప్పగించాలి. అప్పగించినవాటిని సుత్తెతో విరగ్గొడతారని జమీ గుమాస్తా ఎక్కడో విని వచ్చాడు. విజయదశమి వెళ్లిన మూడోనాడు ఆ పాత పిస్తోలు తీసుకుని అతను పడవెక్కాలని అనుకున్నారు.

దసరాకి కొత్త పిస్తోలుకి పూజ జరిగింది. పూజ మర్నాడు చివరిసారి చూసి కొనుగోలు కాగితం రాసేద్దామని లాజరుని మళ్లీ పిలిపించారు. బుజ్జిబాబు కాల్చాడు. కింద పడింది. ఇంకోటి. కింద. ఇంకోటి. సున్నాకి సరిగ్గా బెత్తెడు కింద గుంపుగా మూడు గుళ్లు.

"ఇదీ ఇంతేనా! ఆ షాహుకారుగాడి మొహాన కొట్టి రండి!" అని బుజ్జిబాబు పిస్తోలు బల్ల మీద పడేశాడు.

లాజరు దాన్ని తీసి మూతి వైపు చూశాడు. బొడిపె మీద ఎర్రగా, గుండ్రంగా, కందిబద్దంత బొట్టు ఉంది. గోటితో నొక్కితే నొక్కుకుపోయింది. కింద మైనం, పైన కుంకం. ఆడవాళ్లు నుదుట బొట్టు నిలవడానికి ముందు మైనం అద్దుకుని పైన కుంకం దిద్దుకుంటారే, అచ్చం అలాగే.

"ఇదెవరు పెట్టారండి?" అన్నాడు.

తెర వెనక నుంచి బుజ్జిబాబు భార్య లోవలక్ష్మి నెమ్మదిగా "నేనేనండి. అత్తయ్యగారు ఎలా పెట్టేవారో అడిగి అలాగే పెట్టాను" అంది.

లాజరు గుడ్డతో తుడిచి ఇచ్చాడు. బుజ్జిబాబు కాల్చాడు. నడిమధ్యన పడింది. అందరూ గొల్లుమని నవ్వారు. గుమాస్తా కూడా నవ్వాడు, "అమ్మవారి బొట్టుకి పిస్తోలు తలొంచిందండీ" అని. లాజరు ఒక్కడే నవ్వలేదు. బెత్తెడు కింద. బెత్తెడు పైన. బొట్టు పెడితే బెత్తెడు దిగింది. బొట్టు తీస్తే బెత్తెడు లేచింది. 'అది పోతే గురి పోద్ది' అన్నారు బంగార్రాజు గారు. పద్దెనిమిదేళ్లు తను నవ్వుకున్న మాట ఇప్పుడు తన గుండెల్లో దిగింది.

అక్కడే నోరు విప్పి ఉండొచ్చు. విప్పలేదు. ఈ మాట దాచి అతన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. చుట్టూ నవ్వులున్నాయి, కొత్త పిస్తోలు చక్కగా పనిచేస్తోంది, ఎవరికీ ఏ అనుమానమూ లేదు. తను మాట్లాడకపోతే ఎల్లుండికి పాత పిస్తోలు ముక్కలవుతుంది, దాంతోపాటు తన తప్పూ ముక్కలై పోతుంది. మాట్లాడితే లాజరు చెయ్యి మీద లాకుల నుంచి లంకల దాకా జనం పెట్టుకున్న నమ్మకం పోతుంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. మిషను మనిషి, గుడి పెద్ద, రాజుగారింటి కుంకం గోటితో గీకాడన్న మాట ఊళ్లోకి వస్తుంది. "శలవండి" అని చెప్పి పడవెక్కాడు.

ఇంటికొచ్చి నేరుగా అటక దగ్గరికి వెళ్లాడు. చిప్ప దించి, ఆకు తీసి, వేలితో మసి కదిపాడు. ఎర్ర టోపీ దొరికింది. బొడిపె మీంచి ఊడిన ఆకారం లోపల గుంటలా అలాగే ఉంది. చిన్న పనిముట్టు పెట్టి మందం కొలిచాడు. కొలవక్కర్లేదు, అయినా కొలిచాడు. గోడకి ఆనుకుని కూలబడిపోయాడు.

సంపూర్ణమ్మ వచ్చి చూసింది. జరిగిందంతా విని, ఆ ఎర్ర ముక్కని అరచేతిలోకి తీసుకుంది.

"ఆవిడ ముత్తైదువుగా ఉన్నప్పుడు పెట్టిందే కదూ ఇది?" అంది.

లాజరు తలెత్తాడు.

"ఇప్పుడావిడ కుంకం ముట్టుకోరు కదయ్యా. భర్త వస్తువు మీద ఆవిడ చేతి బొట్టు ఇదొక్కటే మిగిలుంటది" అంది.

గురి గురించే ఆలోచిస్తున్న లాజరుకి ఈ మాట తట్టనే లేదు. అప్పటిదాకా తన పేరు గురించి పడిన బెంగంతా సిగ్గుగా మారింది. మర్నాడు పొద్దున్నే మొదటి పడవకి బయల్దేరాడు. ఆ ఎర్ర ముక్కని తమలపాకులో చుట్టి రొండిన దోపుకున్నాడు.

గోగులంకలో గుమాస్తా ప్రయాణానికి పెట్టె సర్దుతున్నాడు. పాత పిస్తోలు గుడ్డలో చుట్టి ఉంది. లాజరు ఎప్పటిలాగే అరుగు కింది మెట్టు మీద నిలబడ్డాడు. ఆ ఇంట్లో అతని చోటు అదే. చెయ్యి ఎంత గొప్పదైనా, కులం అతన్ని కింది మెట్టు దాటనిచ్చింది లేదు. ఆ ముచ్చట ఇంకా చెప్పుకుంటే నాకు కోపం వస్తుంది కాబట్టి వదిలేస్తాను.

"బాబుగారూ, పిస్తోలు పంపొద్దండి. అది చెడిపోలేదు. నేను చెడగొట్టానండి" అన్నాడు.

అడ్డూ ఆపూ లేకుండా అంతా చెప్పేశాడు. బంగార్రాజు గారు పెట్టిన ఆన, మరిగిన నీళ్లు, గోటితో మీటడం, గొట్టం మీద నేరం మోపడం, నిన్న బొట్టు చూసి కూడా నోరు మూసుకుని పడవెక్కడం, ఏదీ వదల్లేదు. ఒక్క సాకు చెప్పలేదు. తమలపాకు విప్పి మెట్టు మీద పెట్టాడు.

బుజ్జిబాబు మొహం ఎర్రబడింది.

"నాన్నగారి పిస్తోలుని సుత్తెతో విరగ్గొట్టించేవాణ్ణి కదయ్యా! నీ మాట మీద! నువ్వంటే గుడ్డిగా నమ్మాం కదా!"

"అవునండి. అందుకే వచ్చానండి."

తెర కదిలింది. వెనక నుంచి రామలక్ష్మి గారు అడిగారు.

"లాజరూ, పగిలిందా, ఊడిందా?"

"ఊడిందమ్మగారండి. పగల్లేదు. ఉన్నదున్నట్టే ఉంది."

"ఇలా తీసుకురా" అన్నారావిడ కోడలితో. బుజ్జిబాబు తమలపాకు తెర దగ్గర అందిస్తే లోవలక్ష్మి లోపలికి తీసుకెళ్లింది. బయట మగవాళ్లెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తర్వాత తెర వెనక నుంచి వచ్చిన గొంతులో కోపం లేదు. నవ్వుకీ ఏడుపుకీ మధ్యలో ఎక్కడో ఉంది.

"మీ అయ్యగారికి ఆ పిస్తోలు వచ్చిన కొత్తలో ఒక్కటీ సరిగ్గా పడేది కాదు లాజరూ. అన్నీ పైకే పోయేవి. అమ్మిన దొరని తిట్టని రోజు లేదు. దసరాకి నేను బొట్టు పెట్టాను, కొంచెం దిగింది. పై దసరాకి దాని మీదే పెట్టాను, ఇంకొంచెం దిగింది. మూడో దసరాకి పెట్టాక తోటలోంచి ఒకటే పరుగు. 'రామలక్ష్మీ, నీ బొట్టు కుదిరిందే! ఇంక దీని మీద పెట్టకు, చాలు' అన్నారు. ఆ తర్వాత ఎన్ని దసరాలొచ్చినా గొట్టం మీద పెట్టానే గానీ బొడిపె మీద పెట్టలేదు. ఊళ్లో వాళ్లు ఆయన చెయ్యి మెచ్చుకుంటుంటే, నా వైపు చూసి నవ్వేవారు."

బుజ్జిబాబుకి ఈ సంగతి తెలియదు. పాతికేళ్లూ ఆ ఇంట్లో పెరిగి వినని కథ అది. అతని కోపం ఎటు పోయిందో పోయింది.

లాజరు తెర వైపు తిరిగాడు. "అమ్మగారండీ, ఆ ముక్క మీ దగ్గరే ఉంచుకోండి. అంతే కొలతకి ఇత్తడి టోపీ పోసి బిగిస్తానండి. వందేళ్లు కదలదు."

"ఇత్తడి వద్దు. ఇదే పెట్టు."

"అయితే చిన్నమ్మగారిని పెట్టమనండి. నేను పట్టుకుంటాను."

"కోడలు పెడితే కోడలి బొట్టవుతుంది. నేను పెట్టకూడదు. తీసిన చెయ్యే పెట్టాలి లాజరూ. పైకి రా. అరుగు మీద కూర్చుని నిదానంగా పెట్టు."

లాజరు కదల్లేదు. ముప్పై ఏళ్లుగా అతను కుంకం ముట్టుకోలేదు. ముట్టుకున్నవాళ్లకి గుడిలో బుద్ధి చెప్పింది తనే. తను ఇక్కడ పైకెక్కడం ఊరికి నచ్చదు, ఆ ఎరుపు పట్టుకోవడం తన గుడికి నచ్చదు. తెర వెనక ఉన్న ఆవిడ మాత్రం ఈ రెంటినీ తెలిసే అడిగింది. లాజరు చెప్పులు అప్పటికే విడిచి ఉన్నాడు. కాళ్లు కడుక్కుని అరుగెక్కాడు. తెర కింద నుంచి తమలపాకు మళ్లీ బయటికి వచ్చింది.

దీపం సెగ మీద కొత్త మైనం చుక్క కరిగించాడు. పిస్తోలు మోకాళ్ల మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎర్ర టోపీని బొడిపె మీద కూర్చాడు. పక్కకి తీసి మళ్లీ పెట్టాడు. ఇంకోసారి తీశాడు. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడేమో అనుకుంది తెర సందులోంచి చూస్తున్న లోవలక్ష్మి. అతను అంటున్న మాట "మళ్లీ". నాలుగోసారికి కుదిరింది. బొటనవేలితో ఆరేదాకా నొక్కిపట్టాడు.

బుజ్జిబాబు మందు దట్టించి, గుండు కూరి, కేపు తొడిగాడు. తోటలో పొగ లేచింది. ఒకటి, రెండు, మూడు. పరుగెత్తి చూస్తే మూడూ సున్నాలో, మూడింటినీ కలిపి ఒక్క తమలపాకుతో కప్పేయొచ్చు. తెర కాస్త ఊగింది.

"మరి ఏది ఉంచుకోమంటావు లాజరూ?" అన్నాడు బుజ్జిబాబు. ఆ గొంతులో ఇప్పుడు పాత గౌరవం ఉంది. చెడగొట్టిన మనిషినే మళ్లీ అడుగుతున్నాడు, ఆ సంగతి అతనికి వింతగా కూడా తోచలేదు.

"కొత్తది చాలా మంచిదండి. అందులో వంక లేదు. కానీ అది తప్పు చేస్తే ఎందుకు చేసిందో నాకు తెలీదండి. దీని తప్పులన్నీ నాకు తెలుసు. నా తప్పుతో సహా."

కొత్తది కాకినాడ వెళ్లిపోయింది. షాహుకారు నొచ్చుకున్నాడట. కొత్త సంవత్సరం పందెంలో దొరలందరూ కొత్తరకం పిస్తోళ్లు తెచ్చుకుంటే బుజ్జిబాబు గారొక్కరే మందు దట్టించుకుంటూ నిలబడ్డారు. ఆయనకి రెండో స్థానం వచ్చింది. మొదటిది ఒక కాలువల ఇంజనీరు దొరకి. మొదటిది వచ్చిందని మార్చి చెప్పుకునేవాళ్లు గోగులంకలో ఇప్పటికీ ఉన్నారు. రెండోదని చెబితేనే నాకు తృప్తిగా ఉంటుంది, నిజం చెప్పడానికి పడవెక్కి వచ్చిన మనిషి కథ కదా.

తన తప్పు లాజరు ఎక్కడా దాచుకోలేదు. తుపాకి తెచ్చిన ప్రతివాడికీ ముందు ఆ కథ చెప్పి, "దీనిమీద మీకేదైనా నమ్మకముంటే ఇప్పుడే చెప్పండి, నవ్వనండి" అనేవాడు. పేరు పోతుందని భయపడ్డాడు గానీ, లాకుల దగ్గర అతని ఇంటికి దారి అడిగేవాళ్లు తగ్గలేదు.

అరుగెక్కిన ఆ వారం, ఆదివారం గుడిలో అతను కానుక పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడుస్తుంటే, పాదిరిగారి చూపు అతని చేతి మీద పడింది. బొటనవేలి గోరు చుట్టూ ఎరుపు ఇంకా వదల్లేదు.

"ఏంటి లాజరూ అది?" అన్నారు ఆరాధన అయ్యాక.

"పనిలో అంటుకుందండి" అన్నాడు లాజరు. సంపూర్ణమ్మ బయట పంపు దగ్గర నీళ్లు కొట్టి పెట్టింది, చెయ్యి కడుక్కోమని. అతను దాహం తీరా తాగాడు, మొహం కడుక్కున్నాడు. ఆ వేలు మాత్రం తడవకుండా పక్కకి పట్టుకున్నాడు.